కుర్రు మళ్లీ కుర్రయిన ఏడాది

మొన్న ఆదివారం మా మనవరాలు నిజామాబాద్ ఇంట్లో హాలు నిండా రంగు పెన్సిళ్లు పరుచుకుని కూర్చుంది. బడిలో ఏదో ప్రాజెక్టు ఇచ్చారట. అట్ట మీద నీలం సముద్రం, మధ్యలో ఆకుపచ్చని దీవి, ఒడ్డున ఒక ఓడ గీసింది. ఓడలోంచి ఎలుకలు, పందులు, మేకలు వరసగా దిగుతున్నాయి. నేల మీదే గూడు పెట్టుకున్న పిట్ట ఒకటి వాటిని చూస్తూ కూర్చుంది.

"ఈ పిట్టకు భయం తెల్వదట అమ్మమ్మా. దాని గుడ్లు తినేటివి అక్కడ ఎప్పుడూ లేకుండెనట. ఓడలల్ల మనుషులు వచ్చి అడవి కొట్టి చెరుకు పెట్టిన్రట. వాళ్ల ఎనుకనే ఎలుకలు దిగినయట. ఇగ పిట్టలన్ని పోయినయి" అంది.

చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న నా చెయ్యి చెరుకు అన్న మాట దగ్గర ఆగిపోయింది.

"ఎవ్వరు ఆపలేదా?"

"ఆపలేదట. బుక్కుల గట్లనే ఉంది."

"మేం ఆపినం" అన్నాను.

అది పెన్సిల్ కింద పెట్టి నవ్వింది. "నువ్వు సముద్రం ఎప్పుడు సూసినవ్?"

నిజమే, నేను సముద్రం చూసింది లేదు. నాకు తెలిసింది మంజీర ఏరు ఒక్కటే. ఆ సాయంత్రం దానికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. చెప్పేటప్పుడు మధ్యలో మరిచిపోయినవి కూడా కొన్ని కలుపుతున్నాను.

మా ఊరు బోధన్‌కు అవతల, ఏటి ఒడ్డునే ఉండేది. ఊరి ముందుకొచ్చేసరికి మంజీర రెండుగా చీలేది. పెద్దపాయ అవతల, మహారాష్ట్ర గట్టును ఒరుసుకుంటూ పోయేది. చిన్నపాయ మా ఇళ్ల కిందుగా వచ్చేది. సన్నదే గానీ లోతు ఎక్కువ, ఊపు ఎక్కువ. రెండూ మళ్లీ కలిసేదాకా మధ్యలో మిగిలిన నేలను మేం కుర్రు అనేవాళ్లం. దాని నడిమి ఎత్తు మీద ఏరుమద్ది చెట్లు, రేగు పొదలు. చుట్టూ మనిషి మునిగేంత తుంగ. దిగువ కొసన తెల్లటి ఇసుక మేట. అక్కడికి పోవాలంటే పుట్టి ఎక్కాల్సిందే. బుట్టలా అల్లి తోలు కప్పిన ఆ గుండ్రటి పడవ ఒకచోట నిలవకుండా తిరుగుతుంటే పిల్లలం కేకలు పెట్టేవాళ్లం.

కుర్రును మాకు చూపించింది మా పెద్దవ్వ. మా బాపు, అంటే నాన్న, వాళ్ల అన్నగారి భార్య. పెద్దబాపు చిన్న వయసులోనే పోయాడు. పిల్లలు లేరు. మా వాకిట్లోనే ఒక పక్క కొట్టం వేసుకుని, కుర్రులో తుంగ కోసుకొచ్చి చాపలు అల్లేది. ఆమె దగ్గర కూర్చుంటే తడి తుంగ వాసన, తమలపాకు వాసన కలిసి వచ్చేవి. బోధన్ అంగడికి చాపలు మోసుకుపోయి, అవతలి గట్టు నుంచి వచ్చినవాళ్లతో మరాఠీలో బేరం ఆడేది. ఆ భాష ఎక్కడ నేర్చినవని అడిగితే "తిట్టుకుంట నేర్సిన" అనేది.

తుంగ కోతకు పోయిన రోజు నన్నూ అక్కనూ వెంట తీసుకుపోయేది. జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయ తొక్కు మూట కట్టుకుపోయేవాళ్లం. మధ్యాహ్నం ఇసుకలో చెలిమె తోడేది. మోచేతి లోతు తవ్వగానే అడుగున నీళ్లు ఊరేవి. మొదటి నీళ్లు తోడి పారబోసి, తేటపడే దాకా ఆగి, కొబ్బరిచిప్పతో మాకు పోసేది. ఊరు ఊరంతా చిన్నపాయ ఒడ్డున చెలిమెల నీళ్లే తాగేది. ఆ తీపి మళ్లీ ఏ నీళ్లలోనూ నాకు దొరకలేదు.

ఎండాకాలం మొదలుకాగానే ఇసుక మేట వైపు ఎవరినీ పోనిచ్చేది కాదు. అది గుడ్ల కాలం. నల్ల టోపీ పెట్టుకున్నట్టుండే తెల్లపిట్టలు ఎక్కడినుంచో వచ్చి ఇసుకలో చిన్న గుంట చేసి గుడ్లు పెట్టేవి. మేం వాటిని ఇసుకపిట్టలనేవాళ్లం. గూడు లేదు, పుల్ల లేదు. గుడ్లు ఇసుక రంగులోనే, చుక్కలు చుక్కలుగా ఉండేవి. పక్కనే నిలబడ్డా కనిపించవు. అడుగు వేస్తే పగిలిపోతాయి. తాబేళ్లూ ఆ మేటలోనే పెట్టేవి. పెద్దవ్వ మమ్మల్ని తుంగ అంచున బోర్లా పడుకోబెట్టి దూరం నుంచే చూపించేది. మాట్లాడితే వీపు మీద ఒకటి వేసేది.

ఒక ఏడు వరికోతలు అయిపోయాక గుత్తేదారు వచ్చాడు. పట్నం మనిషి. తెల్లబట్టలు, చేతిలో గొడుగు, మెత్తటి మాట. కుర్రును గుత్తకు తీసుకున్నానని, చెరుకు పెడతానని చావడి ముందు మంచంలో కూర్చుని చెప్పాడు.

"గా జాగ ఖాలీగ పడి ఉన్నది. ఎవ్వలు లేరు. దున్నుకుంటె మీ ఊరోళ్లకే పని దొరుకుతది."

ఆడవాళ్ల గుంపులోంచి పెద్దవ్వ అంది: "ఖాలీగ యాడున్నది అయ్యా? మనుషులు కనవడకపోతె ఖాలీనా?"

అందరూ నవ్వారు. గుత్తేదారూ నవ్వాడు. ఆమె మాటను అక్కడితో వదిలేశాడు.

బండ్లు పోవాలి గదా, పుట్టి మీద చెరుకు తేలేరు. అందుకని ఎగువన చిన్నపాయకు అడ్డంగా రాళ్లు దింపి, మన్ను పోసి కట్ట వేయించాడు. ఊళ్లో ఎడ్లబండ్లున్న వాళ్లందరికీ పని. మా బాపు బండి అందరికన్నా ముందు ఉండేది. బాపు నిమ్మళమైన మనిషి. ఎవరినీ ఎదురు అడిగేవాడు కాదు. పొద్దున పోయి పొద్దుగూకాక వచ్చి, ఎడ్లకు కుడితి పెట్టి, తృప్తిగా రొట్టె తినేవాడు. ఆ నెలల్లో మా ఇంట్లో చేపల పులుసు తరచుగా ఉండేది. నాకు కొత్త పావడా వచ్చింది. పెద్దవ్వ చాప అల్లుతూ అంతా చూసేది.

కట్ట కాగానే తుంగకు నిప్పు పెట్టారు. మూడొంతుల కుర్రు కాలింది. పొగ మా ఇళ్లలోకి వచ్చింది. అన్నంలో మసి పడింది. ఏరుమద్ది చెట్లు కొట్టి బండ్ల మీద తెచ్చారు. చెరుకు ముక్కలు నాటారు. కట్ట మొదట్లో బోర్డు నాటి, లోపలికి రావద్దని రాయించారు. నేనూ అక్కా ఒక సాయంత్రం ఆ బోర్డు నిండా బెల్లం పాకం పూసి వచ్చాం. తెల్లారేసరికి ఎర్రచీమలు బారులు కట్టి అక్షరం కనపడకుండా కమ్మేశాయి. దాని పక్కనే కూర్చునే కావలాయన కాళ్లు దులుపుకుంటూ గెంతుతుంటే మేం గోడ చాటున నవ్వలేక చచ్చాం.

కానీ ఆ నవ్వు ఎక్కువ రోజులు ఉండలేదు. కట్ట మీదుగా బండ్లే కాదు, కుక్కలు పోయాయి. చెరుకు వాసనకు పందులు పోయాయి. పందులకు ఈత రాక కాదు, అంతకుముందు అక్కడ వాటికి పని లేకుండె. చెరుకు మొక్కల కింద పందికొక్కులు బొరియలు చేశాయి.

గుడ్ల కాలం వచ్చింది. పెద్దవ్వ మమ్మల్ని తీసుకుని కాలిన తుంగ మోళ్ల మధ్య బోర్లా పడుకుంది. ఇసుక మేట మీద పిట్టలు దిగడం లేదు. గాల్లోనే తిరుగుతూ అరుస్తున్నాయి. చాలాసేపు చూసి పెద్దవ్వ లేచి నిలబడింది. ఎప్పుడూ పోనివ్వని చోటికి తానే నడిచింది. ఇసుక నిండా కుక్కల అడుగులు. పగిలిన పెంకులు. తాబేలు గుడ్ల గుంటలు తవ్వి వదిలేసి ఉన్నాయి. ఒక్క గుడ్డు లేదు. పెద్దవ్వ ఒక పెంకు తీసి అరచేతిలో పెట్టుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. "నడువుండ్రి" అంది.

అప్పటికే చిన్నపాయ పారడం మానేసింది. మా ఇళ్ల కింద నీళ్లు పాచిపట్టి నిలిచాయి. చెలిమె తవ్వితే నల్లటి నీళ్లు, కుళ్లిన వాసన. అవ్వ, అంటే మా అమ్మ, మిగతా ఆడవాళ్లతో కలిసి దూరాన కాలువ దాకా బిందెలు మోసేది. మా తమ్మునికి విరేచనాలు పట్టి మనిషి పుల్లలా అయ్యాడు. అవ్వ వాణ్ణి ఒళ్లో వేసుకుని గోడకు ఆనుకుని కూర్చుండిపోయేది.

మిరుగం, అంటే తొలకరి కార్తె, దగ్గరపడుతుండగా గుత్తేదారు బాపును పిలిచి, వానలకు ముందే కట్ట ఎత్తు పెంచాలన్నాడు. ఆ రోజు అన్నాల దగ్గర బాపు ఆ మాట చెప్పాడు.

పెద్దవ్వ ముద్ద కలుపుతూ అడిగింది. "తమ్మీ, వానలకు పైన నిజాంసాగర్ల గేట్లు ఎత్తితె ఈ పాయల నీళ్లు ఎటు పోవాలె?"

బాపు పళ్లెంలో ఇంకింత పులుసు పోసుకున్నాడు.

"కట్ట ఇంకింత లేపితె మన ఇండ్లల్లకే గదా."

"పని ఇచ్చినోని మీదికి ఎట్ల పోత వదినె? నాలుగు నెలలాయె ఆయన పెట్టిందె తింటున్నం."

"ఆయన రాకముందు ఏం తిన్నం?"

బాపు పళ్లెం ముందునుంచి లేచిపోయాడు. అవ్వ తమ్ముణ్ణి భుజాన వేసుకుని ఊపుతూ ఉంది. పెద్దవ్వ తన పళ్లెం తాను కడుక్కుని కొట్టంలోకి పోయింది.

తెల్లారి ఆమె పార, గంప తీసుకుని కట్ట మీదికి పోయింది. ఎవరినీ పిలవలేదు. కట్ట నడుమ నిలబడి తవ్వడం మొదలుపెట్టింది. తవ్విన మన్ను గంపకెత్తి ఒడ్డుకు మోసి పోసి, మళ్లీ పోయింది. మేం బిందెలు తీసుకుని కాలువకు పోతూ చూశాం. అక్క బిందె కింద పెట్టింది. నేనూ పెట్టాను. ఇద్దరం పోయి చేతులతోనే మన్ను ఎత్తడం మొదలుపెట్టాం. పెద్దవ్వ మమ్మల్ని చూసి గంప మా వైపు తోసింది, అంతే.

మా వెనక నీళ్లకు పోయేవాళ్లందరూ ఆగారు. చాకలామె వచ్చింది. మంగళామె కోడలితో సహా వచ్చింది. కాపుల ఇళ్ల ఆడవాళ్లు కొంగులు నడుముకు చుట్టుకుని వచ్చారు. అవ్వ తమ్ముణ్ణి ఒడ్డున చాప మీద పడుకోబెట్టి తానూ వరసలో నిలబడింది. గంపలు చేతులు మారుతూ ఒడ్డుకు చేరుతున్నాయి. కావలాయన ఒకరిద్దరిని ఆపబోయి, ఎవరూ ఆయన వైపు చూడకపోయేసరికి గుత్తేదారు కోసం ఉరికాడు.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి గుత్తేదారు నలుగురు మనుషులతో దిగాడు. ఆ రోజు ఆయన మాట మెత్తగా లేదు.

"ఎవని జాగల తవ్వుతున్నరు? కాగితం నా దగ్గర ఉన్నది."

పెద్దవ్వ పార మీద చెయ్యి ఆనించి నిలబడింది. "చెరుకు పెట్టుకున్నవు, మేం ముట్టినమా? ఏటికి నీకు కాగితం ఇచ్చిన్రా?"

ఆయన మనుషులు ముందుకొచ్చారు. నేను అక్క చెయ్యి పట్టుకున్నాను. అప్పుడే ఊరి వైపు నుంచి బండి చప్పుడు వినిపించింది. మా బాపు. ఖాళీ బండి తోలుకుంటూ కట్ట మీదికి వస్తున్నాడు. గుత్తేదారు మొహం విచ్చుకుంది.

"మంచిగ వచ్చినవ్. మీ ఆడోళ్లను జరుగుమని చెప్పు. మన్ను తెచ్చి ఇక్కన్నే పొయ్యి."

బాపు బండి దిగాడు. ఎడ్లను వెనక్కి తిప్పి, బండి వెనక పలక తీసి పక్కన పెట్టాడు. ఎవరి మొహమూ చూడలేదు. పెద్దవ్వ చేతిలోని పార అందుకుని, కట్ట మన్ను తవ్వి బండిలో వేశాడు.

"ఏం చేస్తున్నవ్?" అన్నాడు గుత్తేదారు.

"నేను పోసిన మన్ను. నేనే తీసుకపోతున్న."

బాపు ఒక పెద్దమనిషికి ఎదురు మాట్లాడగా నేను వినడం అదే మొదలు. ఆయన చేతిలో పార ఆగలేదు. కాసేపటికి ఇంకో బండి వచ్చింది. తర్వాత ఇంకోటి. కట్ట పోసిన బండ్లన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలిచాయి. గుత్తేదారు మనుషులు కూడా చుట్టుపక్కల ఊళ్ల వాళ్లే. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని చేతులు కట్టుకున్నారు.

గుత్తేదారే కబురు పంపితే మధ్యాహ్నం దాటాక తాసిల్దారు సారు జీపులో వచ్చాడు. కాగితం చూశాడు. పాచిపట్టిన నీళ్ల దగ్గరికి నడిచి చూశాడు. చాప మీద పడుకున్న మా తమ్ముణ్ణి చూసి, వంగి నుదుటి మీద చెయ్యి పెట్టాడు. తర్వాత గుత్తేదారు వైపు తిరిగి, సాగుకు ఇచ్చారే గానీ పాయకు అడ్డం కట్టమని ఎవరూ ఇవ్వలేదని చెప్పాడు. "తీసుకోనియ్యి" అన్నాడు.

పొద్దు వాలుతుండగా నీళ్లు కదిలాయి. ముందు వేలెడంత ధార. అది మన్ను కోసుకుంటూ చెయ్యంత అయ్యింది, కాలువంత అయ్యింది. "ఎడ్లను తియ్యిండ్రి" అని బాపు అరిచాడు. అందరం ఒడ్డుకు ఉరికాం. కట్ట నడుము విరిగి కూలింది. ఎర్రటి నీళ్లు చిన్నపాయలోకి ఉరుముతూ దిగి, పాచినంతా చుట్టచుట్టి తోసుకుపోయాయి. ఆడవాళ్లు మోకాళ్ల దాకా బురదలో నిలబడి చూస్తున్నారు. ఎవరో చప్పట్లు కొట్టి బతుకమ్మ పాట ఎత్తుకున్నారు. అది బతుకమ్మ కాలం కాదు. ఎవరూ ఆపలేదు. ఏటి ఒడ్డునే గుండ్రంగా తిరిగారు. అవ్వ తమ్ముణ్ణి ఎత్తుకుని తిరిగింది. పెద్దవ్వ తిరగలేక కూలబడి, కాళ్లు నీళ్లలో పెట్టుకుని తమలపాకు నమిలింది. ఆ రాత్రికి ఎవరి ఇంట్లో ఏముంటే అది ఒడ్డుకు తెచ్చుకున్నాం. ఉడకబెట్టిన గుడాలు, రొట్టెలు, ఎండుచేపల కూర. అంత రుచి మళ్లీ ఎరగను.

కట్ట లేకపోతే చెరుకు మొయ్యలేక గుత్తేదారు ఆ ఏడే గుత్త వదులుకున్నాడు. గేట్లు ఎత్తినప్పుడు నీళ్లు రెండు పక్కలా పోయి కుర్రు మళ్లీ కుర్రయ్యింది. పందికొక్కుల బొరియలు నీళ్లతో నిండాయి. మిగిలిన పందులను వెళ్లగొట్టే పని వానలు తగ్గాక పిల్లలకు ఇచ్చారు. పళ్లేలు, డబ్బాలు, పగిలిన బిందెలు, ఏది దొరికితే అది వాయించుకుంటూ ఒక కొస నుంచి ఇంకో కొసకు నడిచాం. పందులు నీళ్లలో దూకి అవతలి గట్టుకు ఈదాయి. అక్కడి మరాఠీవాళ్లు మమ్మల్ని తిట్టిన తిట్లు పెద్దవ్వ మాకు అర్థం చెప్పకుండా నవ్వింది. చెరుకు తిన్నంత తిని, మోళ్లు పెకిలించి పారేశాం. కాలకుండా మిగిలిన అంచుల్లోంచి పెద్దవ్వ తుంగ దుబ్బలు తెచ్చి మళ్లీ నాటింది. అవ్వలు, కోడళ్లు, మేం అందరం ఆమె వెనక బురదలో వంగి నాటాం, వరినాట్ల లాగే. బాపు ఏరుమద్ది విత్తనాలు ఏరి తెచ్చాడు.

మరుసటి ఎండాకాలం ఒక్క పిట్ట దిగలేదు. పెద్దవ్వ రోజూ పోయి చూసి వచ్చేది. అడిగితే "వాటికి నమ్మకం కలగాలె గదా" అనేది.

ఆ పై ఏడు ఒక పొద్దున బాపు పరుగులాంటి నడకతో ఇంటికొచ్చాడు. కొట్టం ముందు నిలబడి "వదినె, రా" అన్నాడు. ఏంది అని ఆమె అడిగినా చెప్పలేదు. మేమూ వెంటపడ్డాం. తుంగ ఛాతీ దాకా పెరిగింది. దాని అంచున అందరం బోర్లా పడుకున్నాం, బాపు కూడా. ఎండ చిటచిటలాడుతోంది. ఒక తెల్లపిట్ట ఏటి మీద వాలి, పొట్ట ఈకలు నీళ్లలో ముంచుకుని ఎగిరొచ్చి, ఇసుకలో గుడ్ల మీద కూర్చుంది. తడి పొట్టతో గుడ్లను చల్లబరిచి మళ్లీ ఏటికి పోయింది. మళ్లీ వచ్చింది. అట్లాంటివి మేట నిండా ఉన్నాయి.

పెద్దవ్వ కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చింది. బాపు ఆమె వైపు చూడకుండా, ఏటి వైపే చూస్తూ అన్నాడు. "నీ కాళ్లు మొక్కాలె వదినె."

"మాట్లాడకు, లేస్తయి" అంది ఆమె.

అది జరిగి చాలా కాలమైంది. ఆ లోకంలో చాలా మిగల్లేదు. ఊరికి నల్లా నీళ్లు వచ్చి చెలిమెలు తవ్వేవాళ్లు పోయారు. ప్లాస్టిక్ చాపలు వచ్చి తుంగ చాపలు పోయాయి. బతుకమ్మ పాట ఎత్తుకున్న గొంతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మా ఇల్లు ఎవరికో అమ్ముడైంది. పెద్దవ్వను ఏటి ఒడ్డునే సాగనంపాం.

పోయిన ఎండాకాలం నేను ఒక్కదాన్నే బస్సెక్కి పోయాను. ఊళ్లో నన్ను గుర్తుపట్టినవాళ్లు లేరు. రేవులో పుట్టి నడిపే అమ్మాయి ఒకతె ఉంది. పాతికేళ్లు ఉంటాయేమో. కుర్రు దాకా తీసుకుపోతావా అని అడిగితే నన్ను కిందినుంచి పైకి చూసింది.

"చెప్పులు కడుక్కోని ఎక్కు అవ్వా. బయటి గింజలు అంటుకొని వస్తయి. అటు పోయినంక తుంగ అంచునే నిలవడాలె. ఇసుక దిక్కు అడుగు పెట్టొద్దు. గుడ్ల కాలం."

"గట్లని ఎవరు చెప్పిన్రు బిడ్డా?"

"ఒకరు చెప్పుడేంది? మా ఊళ్ల ముందుసంది గంతే" అంది, కాస్త కసురుతూ. ఈ పట్నపోళ్లకు ఎంత చెప్పినా ఎక్కదన్నట్టు మొహం పెట్టింది.

నేనెవరో చెప్పలేదు. వంగి రెండు చెప్పులూ మంజీర నీళ్లలో రుద్ది రుద్ది కడుక్కుని, కొత్తగా వచ్చిన మనిషిలా అణకువగా పుట్టి ఎక్కాను. అంత గర్వంగా నేను ఎవరి మాటా ఎప్పుడూ విని ఎరగను.